గోళ్ళరంగు బాణం

"కాళ్ళు కాస్త పైకి పెట్టుకోండి బాబాయిగారూ, దీన్ని కింద కూర్చోబెట్టాలి" అందామె.

దీన్ని అన్నది చంటిపిల్లనో, కోడిపెట్టనో అనుకున్నాను. పాత దుప్పటిలో చుట్టి ఉంది. బస్సు గుంతలో పడి లేచేసరికి దుప్పటి అంచు జారి బూడిదరంగు ఇనుము బయటపడింది. మోటారు. నేను కాళ్ళెత్తి సీటు మీద మఠం వేసుకున్నాను. నా వయసులో కాళ్ళెత్తడం తేలికే, మళ్ళీ దించడమే కష్టం. దిగేదాకా అలాగే కూర్చున్నాను.

"పేలుతుందా?" అని అడిగాను.

"ఇది పేలదు. పేలే మనిషి ఒకాయనున్నాడు, ఆయన దగ్గరికే తీసుకెళుతున్నాను."

ఆ బస్సు గుట్ట ఊరి నుంచి స్టేషను ఊరికి పోతోంది. నేను ఎక్కడికి పోతున్నానో కండక్టరుకి చెప్పి టిక్కెట్టు కొన్నాను గాని, నాకే అంత నమ్మకం లేదు. జీవితంలో సగం రోజులు నేను టిక్కెట్టు కొన్న ఊరు కాకుండా వేరే ఊళ్ళో దిగాను. ఓడల్లో, లారీల్లో, ఒకసారి గొర్రెలతో పాటు రైలు పెట్టెలో కూడా తిరిగాను. గొర్రెలు మంచి తోటి ప్రయాణికులు, దేశ రాజకీయాలు మాట్లాడవు. ఈమె కూడా మాట్లాడలేదు. కూర్చోగానే మోటారు మీద అరచెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, "చల్లగానే ఉంది" అంది. ఎవరితో అందో తెలియదు.

నలభై దాటిన మనిషి. చేతులు మనిషికంటే పెద్దవి. కొంగు చివర ఏదో కట్టి ఉంది, కదిలినప్పుడల్లా సీటు కమ్మీకి తగిలి టంగుమంటోంది. అది నట్లు బిగించే పానా. ఇంటి తాళాలు కొంగున కట్టుకునే ఆడవాళ్ళని చాలామందిని చూశాను. పానా కట్టుకున్నామెని అదే చూడడం.

కండక్టరు డబ్బుల సంచి ఊపుకుంటూ వచ్చి, "బోల్టక్కా, మోటారుక్కూడా టిక్కెట్టు కొడతాను" అన్నాడు.

"కొట్టు. కాని దానికి సీటివ్వాలి. నువ్వు లేచి నిలబడు."

కండక్టరు నవ్వి వెళ్ళిపోయాడు. అలా నాకు ఆమె పేరు తెలిసింది. అసలు పేరు వేరే ఉండే ఉంటుంది, కాని దాన్ని వాడే మనిషి ఎవరూ మిగలలేదట. ఈ పేరు ఎలా వచ్చిందో తనే చెప్పింది. శిక్షణలో మొదటి రోజు మోటారు మూత విప్పుతూ బలంకొద్దీ పానా తిప్పితే, తుప్పుపట్టిన బోల్టు ఒకటి ఎగిరిపోయి గోడమీది ఫొటోకి తగిలింది. ఫొటోలో మూడు ఊళ్ళ చైర్మన్లు చేతులు కలిపి నిలబడి ఉన్నారు. అద్దం సరిగ్గా మధ్య చైర్మను ముఖం మీద పగిలింది. తతిమ్మా ఇద్దరి మనుషులూ చాలా సంతోషించారని, ఆ అద్దం ఇప్పటికీ మార్పించలేదని చెప్పింది.

మూడు ఊళ్ళంటే వంతెన ఊరు, గుట్ట ఊరు, స్టేషను ఊరు. మూడింట్లోనూ ఒకదాని వెనక ఒకటిగా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పనిలేని జనం టీ కొట్ల బల్లలన్నీ ఆక్రమించారు. ఏ ఊరికా ఊరు విడిగా ఏడ్చేకంటే కలిసి ఏడిస్తే పరువుగా ఉంటుందని పెద్దలంతా కూర్చుని ఉమ్మడి నైపుణ్య శిక్షణ మండలి ఒకటి పెట్టారు. మోటార్ల రిపేరు నేర్పిద్దాం, ఎక్కడ చూసినా మోటార్లే గదా అనుకున్నారు. అంతవరకు బుద్ధిమంతుల పనే. ఆ తరవాత, శిక్షణ కేంద్రం ఏ ఊళ్ళో పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. మా ఊళ్ళో అంటే మా ఊళ్ళో అన్నారు. బిస్కెట్లు అయిపోయాయి, మళ్ళీ తెప్పించారు, అవీ అయిపోయాయి. చివరికి ఎవరో ఒక మహానుభావుడు, ఆ మాట అన్నది తనేనని ఇప్పుడెవరూ ఒప్పుకోరు, శిక్షణనే మూడు ముక్కలు చేద్దామన్నాడు. మోటారు విప్పడం వంతెన ఊళ్ళో. తీగ చుట్టడం గుట్ట ఊళ్ళో. బిగించి నడపడం స్టేషను ఊళ్ళో. అందరూ చప్పట్లు కొట్టి ఆ ఫొటో దిగారు.

నేను చరిత్ర పుస్తకాలు చాలా చదివాను. రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకి పంచిన రాజులు వాటిలో కొల్లలు. గుర్రాన్ని పంచిన రాజు మాత్రం ఎక్కడా తగల్లేదు.

"ఏమైందనుకున్నారు? ఎవరి ఊళ్ళో ముక్క వాళ్ళే నేర్చుకుని కూర్చున్నారు" అంది బోల్టక్క. "వంతెన ఊరి కుర్రాళ్ళకి విప్పడం భలే వచ్చింది. ఫ్యాన్లు విప్పారు, మిక్సీలు విప్పారు, మునిసిపాలిటీ గేటు కూడా విప్పేశారు. బిగించాలంటే మాత్రం రెండు బస్సులు మారి స్టేషను ఊరు పోవాలి. అక్కడివాళ్ళకేమో బిగించడమే వచ్చు, బిగించడానికి ఏమీ దొరక్క బిగించినవాటినే బిగిస్తుంటారు."

మూడు ముక్కలూ పూర్తిచేసినవాళ్ళు చాలా తక్కువమంది. బోల్టక్క వాళ్ళలో ఒకతి. పట్టుదలా అని అడిగితే, కాదు బస్సు ప్రయాణం అంది. బస్సులో ఉన్నంతసేపు ఇంట్లో ఉండనవసరం లేదు గదా.

అప్పుడే ఆమె సంచిలో ఫోను మోగింది. తీసి చూసి మళ్ళీ సంచిలో వేసింది. "మా అత్తయ్య. ఉప్పు ఎక్కడుందని."

"నీకెలా తెలుసు?"

"ఇప్పుడు ఉప్పు. ఇందాక చీపురు. రెండూ ఎదురుగానే ఉంటాయి."

ఆమె కథ కూడా ముక్కలుగానే ఉంది. నిండా పిల్లలున్న ఇంట్లో ఆఖరిది. పెళ్ళయ్యాక షర్టుల ఫ్యాక్టరీలో చేరింది. కాలర్లు కుట్టడం ఆమె వంతు. అన్నేళ్ళూ కాలర్లే కుట్టింది. చేతులు ఎక్కడ పెడతారో, గుండీలు ఎవరు కుడతారో చూడలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు యజమాని అందరికీ తలా ఒక షర్టు ఇచ్చి పంపించాడు. ఇంటికొచ్చి విప్పి చూస్తే దానికి కాలరు లేదట. తరవాత ఒక హాస్టలు వంటింట్లో గరిటె పట్టింది. భర్త పేవుమెంటు మీద సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతాడు. మాటకారి. చెరువులో ఈదే మనిషికి కూడా గొడుగు అమ్మగలడు గాని, సొంత ఫోనుకి కవరుండదు. ఉన్నవి రెండు గదులు. వాటిలో అత్త, ఇద్దరు మరుదులు, ఇద్దరు తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలు, ఎవరిదో తెలియని పిల్లి.

"నన్ను పిలవనిది ఆ పిల్లి ఒకటే బాబాయిగారూ. వదినా, అక్కా, పెద్దమ్మా, ఏమేవ్, కోడలా. పొద్దున్న లేస్తే ఇదే. స్నానాల గదిలో ఉంటే తలుపు కొట్టి పిలుస్తారు. ఎందుకంటే, ఎక్కడున్నావో చూద్దామని అంటారు. చెడ్డవాళ్ళు కాదు. ఒక్కళ్ళూ చెడ్డవాళ్ళు కాదు. అదే తంటా. చెడ్డవాళ్ళయితే వదిలేసి పోదును."

"మరి ఈ మోటారెందుకు?"

ఆమె మొదటిసారి నా వైపు పూర్తిగా తిరిగింది.

"స్టేషను ఊరి చివర పంపుహౌసు చూశారా? మూడు ఊళ్ళకీ నీళ్ళు అక్కణ్ణుంచే. ఒకటే గది. ఇనుప తలుపు. లోపల ఒక స్టూలు, కిటికీలో ఒక కూజా. తాళంచెవి మెకానిక్కు దగ్గరే ఉంటుంది, ఇంకెవరి దగ్గరా ఉండదు. పాత మెకానిక్కు పని మానేసి కూతురి ఊరికెళ్ళిపోయాడు. ఆ పని నాకు కావాలి."

"పంపు నడపడం అంత ఇష్టమా?"

"పంపుదేముంది. మోటారు నడుస్తుంటే, చెవి దగ్గరకొచ్చి అరిచినా వినపడదు."

"అంత మోతలో ఏం చేస్తావమ్మా?"

"కూర్చుంటాను" అంది.

నిశ్శబ్దం వెతుక్కుంటూ అడవులకీ గుహలకీ పోయిన మహామునుల గురించి చాలా చదివాను. ఒక్కరూ పంపుహౌసు సంగతి ఆలోచించలేదు. వాళ్ళని ఎవరూ ఉప్పెక్కడుందని అడిగి ఉండరు.

ఆ పని అందాలంటే మండలి వాళ్ళ ఆఖరి పరీక్ష నెగ్గాలి. పరీక్ష ఇవాళే. తను విప్పి, తను తీగ చుట్టిన మోటారుని స్టేషను ఊళ్ళో అందరి ముందూ బిగించి నడపాలి. మూత మీద ఎర్రగా ఒక బాణం గుర్తుంటుంది. ఇరుసు ఆ బాణం చూపించిన వైపుకి తిరగాలి. తిరిగితే తాళంచెవి. తిరక్కపోతే ఇక ఆగేది లేదని, పొరుగు ప్రాంతం నుంచి ఎవరో ఒక మెకానిక్కుని తెచ్చుకుంటామని నీళ్ళ ఇంజినీరు చెప్పేశాడు. హాస్టలు వంటింట్లో ఆమె గరిటె ఇంకా మేకుకే వేలాడుతోందట.

"తిరుగుతుందా?"

"వెనక్కి తిరుగుతుంది" అంది బోల్టక్క, ఏమాత్రం తడుముకోకుండా. "అందరిదీ వెనక్కే తిరుగుతుంది. ఈమధ్య ఒక్కరూ నెగ్గలేదు."

ఇందులో కిటుకంతా ఒక బావా బావమరుదుల మధ్య ఉంది. గుట్ట ఊళ్ళో తీగ చుట్టడం నేర్పేది తీగల మాష్టారు. స్టేషను ఊళ్ళో బిగించడం నేర్పేది వార్నిషు మాష్టారు, ఇందాక పేలే మనిషి అన్నది ఈయన్నే. వార్నిషు మాష్టారి అక్కనే తీగల మాష్టారు చేసుకున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి ఒకే కొట్టు నడిపారు. కొట్టు బోర్డు మీద ఎవరి పేరు పెద్దక్షరాల్లో ఉండాలన్న దగ్గర చెడింది. ఇద్దరూ విడిపోయి చెరో ఊళ్ళో స్థిరపడ్డారు. మాటల్లేవు. మోటారులోంచి మూడు తీగలు బయటికొస్తాయి. వాటికి ఎరుపు, పసుపు, నీలం దారాలు కడతారు. బయట కరెంటు బోర్డు మీద కూడా అవే మూడు రంగులుంటాయి. వాటి వరుస కలిస్తే మోటారు ముందుకి తిరుగుతుంది, ఏ రెండు తారుమారైనా వెనక్కి. అంతకుమించి శాస్త్రం లేదు. తను చుట్టిన మోటారు బావమరిది చేతి పనిలా కనపడకూడదని తీగల మాష్టారు పసుపునీ నీలాన్నీ అటూ ఇటూ మార్చేశాడు. వార్నిషు మాష్టారు పాత వరుస వదల్లేదు.

"ఆ రెండు దారాలూ నువ్వే మార్చి కట్టకూడదా?"

"దారాల ముళ్ళ మీద తీగల మాష్టారు తన చేత్తో లక్క కరిగించి ముద్ర కొడతాడు. విప్పితే తెలిసిపోతుంది."

"పోనీ బోర్డు దగ్గర రంగు మార్చి కలిపితే?"

"నాతో నేర్చుకున్న టైలరు పిన్ని అదే చేసింది. వార్నిషు మాష్టారు ఫెయిలు చేశాడు. అక్కడ గోడ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంది, రంగుకి రంగే కలపాలని."

"మండలివాళ్ళకి తెలియదా ఇదంతా?"

"తెలియకేం. విచారణ కూడా చేశారు. అభ్యర్థుల్లో ఆత్మవిశ్వాసం తక్కువగా ఉందని తేల్చారు. కోటు వేసుకున్న ఒకాయన్ని పట్నం నుంచి పిలిపించి, చేయి ఎలా కలపాలో, ఎలా నవ్వాలో నేర్పించారు. ఇప్పుడు మాకందరికీ వెనక్కి తిరిగే మోటారు పక్కన నిలబడి చక్కగా నవ్వడం వచ్చు." నవ్వి చూపించింది కూడా. నిజంగానే చక్కగా ఉంది.

ఆ తరవాత ఆమె సంచిలోంచి విరిగిన రంపపు బ్లేడు ముక్క ఒకటి తీసి, దుప్పటి పక్కకి తొలగించి, మోటారు మూత మీది బాణాన్ని గీకడం మొదలుపెట్టింది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అమ్మా, నువ్వు…"

"దారం బావది. బోర్డు బావమరిదిది. ఆ రెండిటి జోలికీ నేను పోను" అంది గీకుతూనే. "బాణం గురించి ఇంతవరకు ఎవరూ పోట్లాడుకోలేదు."

"రేపు నిజం పంపు దగ్గర మోటారు వెనక్కి తిరిగితే నీళ్ళెలా వస్తాయి?"

"అక్కడ బావా ఉండడు, బావమరిదీ ఉండడు. రెండు తీగలు అటుదిటు చేస్తాను, అంతేగా. గదిలో ఎవరు చూడొచ్చారు."

తప్పు అని చెబుదామనుకున్నాను. నీతి గురించి కూడా నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. కాని బస్సు కుదుపుకి మోటారు దొర్లబోతే, ఆ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

ముందు సీట్లో ఒక కాలేజీ పిల్ల గోళ్ళకి ఎర్రరంగు వేసుకుని ఊదుకుంటోంది. బోల్టక్క ఆమె భుజం తట్టింది.

"ఆ సీసా ఓసారి ఇస్తావా అమ్మా?"

"ఎందుకాంటీ?"

"అక్కా అను, కొంచెమే వాడుకుంటాను. ఈ మోటారు ఇవాళ పదిమందిలోకి పోతోంది, ముస్తాబు చెయ్యాలి."

ఆ పిల్ల వెనక్కి తిరిగి మోటారుని చూసింది, గీకిన చోటు చూసింది, బోల్టక్క పెద్ద పెద్ద వేళ్ళు చూసింది. "మీరు గీస్తే అలుక్కుపోతుందక్కా. ఇలా ఇవ్వండి. రోజూ కళ్ళకి కాటుక ఈ బస్సులోనే పెట్టుకుంటాను." అని సీటు మీద మోకాళ్ళేసి కూర్చుని, ఆ గతుకుల్లో, ఒక్క చుక్క పక్కకి పోకుండా బాణం గీసింది. ఎటువైపని అడగను కూడా అడగలేదు, బోల్టక్క వేలు తిప్పిన వైపు గీసింది. తోక దగ్గర అందం కోసం చిన్న మెలిక కూడా పెట్టింది. తరవాత ముగ్గురం వంతులవారీగా దాని మీద ఊదాం.

స్టేషను ఊళ్ళో నేను మారాల్సిన బస్సు నాకోసం ఆగలేదు. అది ఎలాగూ వెళ్ళిపోయింది కాబట్టి దుప్పటి భుజాన వేసుకుని, మోటారు ఒక పక్క పట్టుకుని ఆమెతో నడిచాను. రైల్వే గూడ్సు షెడ్డు వెనక, పాత గిడ్డంగిలో వాళ్ళ శిక్షణ కేంద్రం. గుమ్మంలోనే వార్నిషు వాసన ముక్కుపుటాలు కాల్చింది. గోడ మీద రంగుకి రంగే కలపాలి అని నిజంగానే ఇంతింత అక్షరాలున్నాయి.

లోపల ఒకే బల్ల మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని, ఒకే గ్లాసులోని టీని రెండు సాసర్లలో పోసుకుని తాగుతున్నారు. ఒకాయన చొక్కా నిండా వార్నిషు మరకలు. ఇంకొకాయన చెవి వెనక రాగితీగ చుట్ట.

బోల్టక్క గుమ్మంలో ఆగిపోయింది. మోటారు బరువంతా నా మీద పడింది.

"చచ్చాను బాబాయిగారూ" అంది గొంతు తగ్గించి. "మాట్లాడుకుంటున్నారు."

వార్నిషు మాష్టారు సాసరు దించి, "రామ్మా బోల్టక్కా, ఇవాళ భయపడకు" అన్నాడు. "నిన్న మా అక్క మా ఇంటికొచ్చి కూర్చుని మా ఇద్దరికీ అన్నం బందు చేసింది. వరుస ఒకటి చేసుకునేదాకా కంచం పెట్టనంది. బోర్డు మార్చేశాను. ఇకనుంచి అందరికీ మా బావ వరుసే."

"అన్నం కోసం మార్చాడు, నా మీద గౌరవంతో కాదు" అన్నాడు తీగల మాష్టారు.

"నువ్వు మా ఇంటికొచ్చింది కూర కోసమేగా."

"కూర బాగుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఏళ్ళ తరబడి ఎంతోమంది బతుకులని వెనక్కి తిప్పిన పోట్లాట ఒక పూట పస్తుతో తీరిపోయింది. తీరడానికి సరిగ్గా ఇవాళ్టి రోజునే చూసుకుంది.

"కాస్త థిన్నరు గుడ్డ ఉంటే ఇలా ఇవ్వండి మాష్టారూ, మూత మీద దుమ్ముంది, తుడుస్తాను" అంది బోల్టక్క. ఆ నవ్వు, కోటాయన నేర్పిన నవ్వు, ముఖం మీద అలాగే ఉంది.

"దుమ్ముకేం, తరవాత చూద్దాం" అంటూ మూలనుంచి ఒక భారీ మనిషి వచ్చి మోటారుని మా చేతుల్లోంచి తీసుకుని స్టాండు మీద పెట్టేశాడు. ఆయన వంతెన ఊళ్ళో విప్పడం నేర్పే మాష్టారు, ఈ ఏడాది వంతు ప్రకారం మండలి అధ్యక్షుడు కూడా. కిటికీ దగ్గర మెళ్ళో తువ్వాలు వేసుకున్న నీళ్ళ ఇంజినీరు నిలబడి ఉన్నాడు. ఆయన జేబులో ఫోను మోగుతూనే ఉంది. పంపు ఆగిపోయి మూడు ఊళ్ళూ ఎండిపోతున్నాయట.

చేసేదేమీ లేదు. బోల్టక్క మూత బిగించింది. బిగించేటప్పుడు మాత్రం ఆమె చేతుల్లో కంగారు లేదు, ఇంట్లో అలవాటైన పనిలా పోయింది. తీగలు రంగుకి రంగు కలిపింది. మీట నొక్కింది.

మోటారు ఒకసారి గుర్రుమని, ఆ తరవాత తేనెటీగల్లా సన్నగా పాడింది. ఇరుసు తిరిగింది. ముందుకి. ఎలా తిరగాలో సరిగ్గా అలా. బాణం మాత్రం మెలికల తోక ఊపుకుంటూ రెండోవైపు చూస్తోంది.

అందరి తలలూ ఒకసారి ఇరుసు వైపు, ఒకసారి బాణం వైపు తిరిగాయి.

"వెనక్కి తిరుగుతోంది" అన్నాడు వంతెన మాష్టారు.

"లేదు. చుట్టింది మా ఊళ్ళో. మా వరుసలో తప్పుండదు" అన్నాడు తీగల మాష్టారు.

"కలిపింది మా బోర్డుకి. బావ వరుస, నా బోర్డు. ఇందులోనూ తప్పుండదు" అన్నాడు వార్నిషు మాష్టారు. ఇద్దరూ ఒక్కసారే వంతెన మాష్టారి వైపు తిరిగారు. కొత్తగా కలిసినవాళ్ళకి ఉమ్మడిగా తిట్టడానికి ఒకడు దొరికితే ఎంత ఆనందమో వాళ్ళ ముఖాల్లో చూశాను. "మూతలకి రంగులేసి బాణాలు గీసి పంపేది మీ ఊరివాళ్ళే గదా. బాణమే తప్పు."

వంతెన మాష్టారు వంగి చూశాడు. "మా ఊరి బాణానికి ఇంత అందమైన తోక ఉండదే" అన్నాడు అనుమానంగా. కాని ఇద్దరు ఒకవైపు, ఒకడు ఒకవైపు అయ్యేసరికి అధ్యక్ష పదవి గుర్తొచ్చింది. గొంతు సవరించుకున్నాడు. "సరే, బాణంలో లోపం ఉందని మండలి గుర్తించింది. బాణాలు గీయడంలో శిక్షణ పెడదాం. తోక మా ఊళ్ళో నేర్పిస్తాం. కర్ర గుట్ట ఊళ్ళో. మొన ఇక్కడ. ఎవరికీ అన్యాయం ఉండదు. అది పూర్తయ్యేదాకా ఈ నియామకం ఆపుదాం. ఈమె కూడా ఆ శిక్షణకి రావచ్చు."

బోల్టక్క నవ్వు అప్పుడు పోయింది. నోరుమూసుకుంటే ఆమె తప్పు ఎవరికీ తెలియదు. గది మాత్రం ముందు తోకకి, తరవాత కర్రకి, తరవాత మొనకి పోతుంది. ఈలోగా పొరుగు మెకానిక్కు ఆ స్టూలు మీద కూర్చుంటాడు.

వార్నిషు డబ్బా పక్కనున్న, రంగు కరిగించే థిన్నరు గుడ్డని తనే తీసుకుంది. మూత మీద ఒక్క తుడుపు తుడిచింది. బాణం మొత్తం గుడ్డలోకి వచ్చేసింది.

"ఇది గోళ్ళరంగు. బస్సులో గీయించాను. మీ ఊరి బాణం సరిగ్గానే ఉండేది మాష్టారూ, నేనే గీకేశాను. మోటారు ఎప్పటిలాగే వెనక్కి తిరుగుతుందనుకున్నాను. మీరిద్దరూ కలిసి భోంచేస్తారని నాకేం కల వచ్చిందా?"

"ఇది మోసం కదమ్మా" అన్నాడు వార్నిషు మాష్టారు.

"మోసమే. మోటారు ఎందుకు వెనక్కి తిరుగుతోందో తెలిసి కూడా మా అందర్నీ ఫెయిలు చేశారే, దాన్నేమంటారు?"

వార్నిషు మాష్టారు బావ వైపు చూశాడు. తీగల మాష్టారు సాసరు అడుగున మిగిలిన టీ వైపు చూశాడు.

"దాన్ని కుటుంబ విషయం అంటారు" అన్నాడు తీగల మాష్టారు.

ఇంజినీరు ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, అవతలివాళ్ళ తిట్లు కొంచెం విని, పెట్టేశాడు.

"మీ బాణాల సంగతి తరవాత తేల్చుకోండి" అన్నాడు. "పొద్దున్నుంచి మూడు ఊళ్ళవాళ్ళూ వంతులేసుకుని నన్ను తిడుతున్నారు. ఈ ప్రాంతంలో సహకారం లేదని ఎవరన్నారు? ఏమ్మా, ఈ మోటారు విప్పిందెవరు?"

"నేనే."

"చుట్టింది?"

"నేనే. ఇప్పుడు బిగించింది కూడా నేనే, మీరు చూశారు."

"మళ్ళీ ఎప్పుడైనా బాణాలు గీస్తావా?"

"నీళ్ళొస్తుంటే బాణం ఎవరు చూస్తారు సార్."

ఇంజినీరు మొలతాడుకి కట్టుకున్న తాళంచెవి విప్పాడు. అరచెయ్యంత పొడుగు, నల్లటిది. దాన్ని బల్ల మీద, రెండు సాసర్ల మధ్య పెట్టాడు.

"మండలి తీర్మానం లేకుండా ఎలా?" అన్నాడు వంతెన మాష్టారు.

"మీ తీర్మానంతో ట్యాంకు నిండుతుందేమో కనుక్కుని చెప్పండి, నిండితే ఇప్పుడే ఆ తాళంచెవి జేబులో పెట్టుకుని ఇంటికిపోతాను."

ఆమెకి తాళంచెవి ఇదిగో తీసుకో అని ఎవరూ చేతికివ్వలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. బావా బావమరుదులు మిగిలిన టీ ఎవరిదో తేల్చుకోవడానికి సిద్ధమవుతున్నారు. బోల్టక్క కొంగున కట్టిన పానా విప్పి సంచిలో వేసుకుంది. బల్ల మీది తాళంచెవి తీసి ఆ కొంగుకే ముడేసుకుంది. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది.

తరవాత బయటికి నడిచింది.

నేను గుమ్మందాకా వచ్చాను. బస్సు దిగేటప్పుడు పట్టిన కాళ్ళ తిమ్మిరి ఇంకా వదల్లేదు. రైలు పట్టాల పక్కన కాలిబాట పంపుహౌసుకే పోతుంది. మలుపు దగ్గర ఆ ఇనుప తలుపు ఇక్కణ్ణుంచే కనపడుతోంది. ఆమె తొందరపడడం లేదు, ఆగడమూ లేదు. సంచిలో ఫోను మోగింది. కొంచెంసేపు మోగి మానేసింది, మళ్ళీ మోగింది. ఈసారి చీపురో, పిల్లో. ఆమె చెయ్యి సంచి వైపు పోలేదు.

అప్పుడు చూసుకున్నాను, ఆమె దుప్పటి నా భుజం మీదే ఉంది.

"అమ్మా, నీ దుప్పటి" అని కేకేశాను. "బోల్టక్కా" అని కూడా అరిచాను. నా గొంతు చిన్నదేమీ కాదు, ఓడరేవుల్లో అరిచి బతికిన గొంతు. పట్టాల మీది పిచ్చుకలు లేచిపోయాయి.

ఆమె వెనక్కి తిరగలేదు. పంపుహౌసులో మోటారు ఇంకా మొదలవలేదు. అయినా ఆమెకి వినపడలేదు.